మూడు రోజుల తూకం

పోయిన వారం మనం మాధవీలత కన్న పాపని తూకం మిషను మీద వదిలేసి పేజీ తిప్పేశాం. అప్పటికి మిషను చూపించిన అంకె పదహారు వందల ఎనభై అయిదు గ్రాములు. నెలలు నిండేదాకా ఆగే ఓపిక లేక ముందే వచ్చేసిన ఆ ఆడపిల్ల ఇరవై ఆరు రోజులుగా అమలాపురం పసిడికొమ్మ పిల్లల ఆసుపత్రిలోనే కాపురం పెట్టింది. మొదట గాజుపెట్టెలో ఉంది. తరవాత ముక్కులో గొట్టం. ఆ గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో తొలిసారి పాలు పట్టిన రోజున వార్డంతా ఊపిరి ఉగ్గబట్టింది. చివరికి గాజుపెట్టె వదిలి వాళ్ళమ్మ పక్కకి, తల్లుల గదిలోకి వచ్చింది. వరసగా మూడు రోజులు బరువు పెరిగితే ఇంటికి పంపిస్తానని డాక్టరు రామ్మూర్తి మాట ఇచ్చాడు. సోమవారం పదహారు వందల పది. మంగళవారం పదహారు వందల ముప్పై అయిదు. బుధవారం అరవై. ఇవాళ గురువారం ఎనభై అయిదు. రోజుకి పాతిక చొప్పున, మేస్త్రీ మెట్లు కట్టినట్టు పెరిగింది.

నాయనమ్మ అమ్మాజీది ఆత్రేయపురం. పిల్ల గ్రాము పెరిగితే గ్రామం మొత్తానికి ఫోన్లు వెళ్ళే ఇల్లు వాళ్ళది. డిశ్చార్జి అన్న మాట చెవిన పడగానే ఆవిడకి ఒంటినిండా ఛార్జింగు ఎక్కేసింది. ఒంటిగంటన్నరకి రాహుకాలం కనక ఆ లోపే గడప దాటాలని కారు మాట్లాడింది. కువైట్‌లో ఉన్న కొడుకు వీరబాబుకి వీడియోలో పిల్లని ఒకసారి, కారుని రెండుసార్లు చూపించింది.

ఇక్కడిదాకా మీకు తెలిసిందే. ఆ అంకెల వెనక ఉన్న గుడ్డ సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట కృపమ్మ ఈ ఆసుపత్రికి హెడ్ నర్సుగా వచ్చిన కొత్తలో పసిబిడ్డని తూకం వెయ్యడమంటే యుద్ధం. ఒంటిమీద నూలుపోగు లేకుండా, నలుగురూ చూస్తుండగా, కూరగాయల్ని పెట్టినట్టు మిషను మీద పెడతారా అని నాయనమ్మలు, అమ్మమ్మలు విరుచుకుపడేవారు. దిష్టి తగులుతుందని ఒక రాజోలు ఆవిడ మనవణ్ణి కొంగులో చుట్టుకుని బస్సెక్కేసింది. తూకం లేకపోతే మందు మోతాదు తెలియదు, పాలు ఎన్ని పట్టాలో తెలియదు. పసివాళ్ళ ఆసుపత్రిలో అన్ని లెక్కలూ గ్రాముల మీదే నడుస్తాయి.

కృపమ్మ నవ్వితే కృపమ్మ, కోప్పడితే కోపమ్మ. ఆ రాజోలు ఆవిడ మీద మాత్రం కోప్పడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక బండారులంక వెళ్ళి, ఒక నేతగాడి మగ్గం పక్కన కూర్చుని, ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే బరువు ఉండేలా మెత్తటి నూలుగుడ్డలు నేయించుకొచ్చింది. ముందు గుడ్డని ఒక్కదాన్నే మిషను మీద పెట్టి అంకెని సున్నా చేస్తారు. తరవాత తల్లో నాయనమ్మో తెరచాటుకి వెళ్ళి, అలాంటి గుడ్డలోనే బిడ్డని తన చేత్తో చుట్టి ఇస్తుంది. బిడ్డ ఒళ్ళు ఎవరి కంటా పడదు. మిషను బిడ్డ బరువొక్కటే చెబుతుంది. ఆ రోజునుంచీ తూకమంటే కోపమున్న వాళ్ళకి తూకమే లోకమైపోయింది. పొద్దున్నే ఏడింటికల్లా వరసలో నిలబడి ‘మావాడెంత, మీదెంత’ అని పోటీలు పడేవారు. చుట్టుపక్కల నాలుగు ఆసుపత్రులు ఆ పద్ధతి పట్టుకున్నాయి. అందరూ దాన్ని కృపమ్మ గుడ్డ అనే పిలుస్తారు. పట్టుచీర కట్టినా రాని గీర ఆ మాట వింటే కృపమ్మ మొహంలోకి వచ్చేది. రావాలి కూడా.

ఈ గురువారం మరీ ప్రత్యేకం. ఆ గుడ్డ సంగతి చూడటానికి కాకినాడ నుంచి నర్సింగు చదివే పిల్లలు పదిహేనుమంది, వాళ్ళ ప్రిన్సిపాలు బస్సులో బయలుదేరారు. పదకొండింటికి వస్తారు. కృపమ్మ ఆ ఉదయం కొత్త యూనిఫాం వేసుకుంది. ఇస్త్రీ మడతకి చెయ్యి తగిలితే తెగేట్టు ఉంది.

పసిడికొమ్మలో ఒక నియమం ఉంది. ఇంటికెళ్ళే ముందు తల్లి చేత బిడ్డ ఒళ్ళు గోరువెచ్చటి నీళ్ళతో తుడిపించి చూస్తారు. తడపకుండా తుడవడం, తడబడకుండా ఎత్తుకోవడం వస్తేనే పంపుతారు. తొమ్మిదిన్నరకి కృపమ్మ నీళ్ళ గిన్నె పట్టుకుని తల్లుల గదిలోకి వెళ్ళింది. వెనకాల కొత్త నర్సు జాస్మిన్. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన ఆ పిల్ల ఈ మూడు రోజులూ తూకం వేసింది, అంకె రాసింది, సంతకం పెట్టింది. దాని కింద చూసినట్టుగా కృపమ్మ సంతకం.

అమ్మాజీ మంచానికి అడ్డంగా నిలబడింది. నీళ్ళు ఇవాళ వద్దని, ఇంటికెళ్ళాక మంచి రోజు చూసి తామే పోసుకుంటామని చెప్పింది. ఆవిడ పూతరేకులు చేసే మనిషి. రేకుకి పూత వేస్తుంది గానీ మాటకి పూత వెయ్యదు. అలాంటి ఆవిడ ఆ పొద్దున్న ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు గొంతు సవరించుకుంది. కోడలు మాధవీలత కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కృపమ్మ నీళ్ళ గిన్నె కింద పెట్టింది. పాప మొహం వంక చూసింది. మూడు రోజుల్లో డెబ్బై అయిదు గ్రాములు పెరిగిన పిల్ల ఆ సంగతి ఒంట్లో ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి. బుగ్గ దగ్గర, గడ్డం కింద, తొడ మడతలో. నుదుటి మీద ముడతలు సోమవారం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. చేతి మీద చర్మం పెద్దక్క చొక్కా చిన్న చెల్లెలికి వేసినట్టు వదులుగా ఉంది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అలాంటి వందల చేతులు పట్టుకున్న మనిషి ఆవిడ.

అమ్మాజీని మెల్లగా పక్కకి జరిపి గుడ్డ విప్పింది.

పాదాల దగ్గర మడతలోంచి ముందు ఒక రాగి తాయెత్తు జారిపడింది. దాని వెనకాలే మందపాటి ఇత్తడి సిలువ. ఇంకో మడత విప్పితే మొలకి నల్లదారం, దానికి నాలుగు వెండి మువ్వలు. కదిలితే చప్పుడవుతుందని ఒక్కో మువ్వలోనూ దూది కుక్కారు. పాపం ఆ మువ్వలు మూడు రోజులుగా మూగనోము పట్టాయి. దారం ఒరిసిన చోట నడుము చుట్టూ ఎర్రగా గీత పడింది. కేజీన్నర దాటిన ప్రాణి మీద సర్వమత సమ్మేళనం జరుగుతోంది. సిలువని కృపమ్మ వేళ్ళతో తిప్పి చూసింది. కుట్రలో తన దేవుణ్ణి కూడా కలుపుకున్నారని ఆవిడ అనుకోలేదు.

వార్డులో పసిబిడ్డ ఒంటిమీద దారం గానీ లోహం గానీ ఉండకూడదని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. లేత చర్మం ఒరుసుకుంటే అక్కడే చీము పడుతుంది. అమ్మాజీ ఆ బోర్డు కిందే కూర్చుని ఈ పని చేసింది.

దారం కత్తిరించి, ఎర్రబడిన చోట మందు రాసి, కృపమ్మ పాపని తెరచాటున ఉత్త ఒంటితో మిషను మీద పెట్టింది. మిషను సున్నా నుంచి లేచింది, విషయం సున్నితమైపోయింది. పదహారు వందల అయిదు. ఆ మూడింటినీ పోగేసి మళ్ళీ తూస్తే సరిగ్గా ఎనభై. పిల్ల తేలికేనని తేలిపోయింది. మూడు రోజుల్లో పెరిగింది సున్నా. పైగా అయిదు గ్రాములు తరుగు.

జాస్మిన్ పేరులోనే ఉంది మల్లెపువ్వు. ఆ క్షణంలో మొహం మాత్రం మర్నాటి మల్లెపువ్వులా అయింది. తనదే తప్పని, తన ఉద్యోగం పోతుందని, రాజోలులో నాన్నకి ఏం చెప్పాలో తెలియడం లేదని గోడకి తిరిగి వెక్కింది. కృపమ్మ కేస్ షీటు తెరిచి చూపించింది. ‘రెండు సంతకాలున్నాయి జాస్మినూ. పై అధికారిది కిందుంటుంది. తప్పులో నా వాటా ఎక్కువ, నువ్వు లాక్కోకు’ అంది.

డాక్టరు రామ్మూర్తిని పిలిచారు. పేరుకి రామ్మూర్తి, తీరుకి శాంతమూర్తి. పిల్లని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరీక్షించి, గుండె, ఊపిరి బాగానే ఉన్నాయని, కానీ ఇంటికి పంపే ప్రశ్నే లేదని తేల్చాడు. ఇలాంటి పిల్ల ఇంటికెళితే వారం తిరిగేలోపు ఒళ్ళు చల్లబడి మళ్ళీ గాజుపెట్టెకే వస్తుంది, వస్తే అదృష్టం. తరవాత గొంతు తగ్గించాడు. కాకినాడ వాళ్ళ బస్సు ముమ్మిడివరం దాటిందట. ఏదో టెస్టు మిగిలిందని చెప్పి డిశ్చార్జి ఆపుదాం, గుడ్డ సంగతి వాళ్ళు వచ్చి వెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం, పంతొమ్మిదేళ్ళ పేరుకి ఒక్కరోజులో మచ్చెందుకన్నాడు. మనిషి మంచివాడు. కృపమ్మ మీద గౌరవంతోనే అన్నాడు.

“చార్టు ముందు సరిచేసుకోవాలండి డాక్టరు గారూ,” అంది కృపమ్మ. “ఆ అంకెలు చూసే కదండీ మీరు మందు రాసేది, పాలు లెక్కకట్టేది. టీలు, బిస్కెట్లు తరవాతండి.”

ఇంకో చిక్కు ఉంది. ఈవేళ్టి బరువు తెలిసింది. మంగళ, బుధవారాల అసలు బరువు ఎంత? ఏ వస్తువు ఏ రోజు గుడ్డలోకి వచ్చిందో తెలిస్తేనే ఆ అంకెలు సరిచెయ్యగలరు. అది తెలిసిన మనిషి ఒక్కరే. ఆవిడ వరండాలో సంచులు సర్దుకుని, కారు డ్రైవరుతో ఇంజను ఆపొద్దని చెబుతోంది.

కృపమ్మ వెళ్ళేసరికి అమ్మాజీ కోపం పొంగుతున్న పాలలా ఉంది. ఎవరినడిగి దారం తెంపారని మొదలుపెట్టింది. ముగ్గురు పిల్లల్ని పెంచానని, అందరూ మొలతాడుతోనే పెరిగారని, పెద్దవాడు కువైట్‌లో ఇప్పుడు ఎనభై రెండు కేజీలున్నాడని లెక్కలు చెప్పింది. మీరు పంపినా పంపకపోయినా మా పిల్లని మేం తీసుకుపోతామంది. ఆ తరవాత అన్న మాటకి మాత్రం వరండాలో అందరూ తల తిప్పారు.

“రోజూ పెరిగిందని రాసింది మీరే కదండీ సిస్టరమ్మ గారూ. మంగళవారం మువ్వలు కట్టేను, పాతిక పెరిగింది. పనిచేస్తోంది కదాని బుధవారం తాయెత్తు పెట్టేను, ఇంకో పాతిక పెరిగింది. ఇవాళ సిలువ కూడా పెట్టేను, మళ్ళీ పెరిగింది. గుణం కనపడ్డాక మానేస్తానేంటండీ. రేపటికి వాడపల్లి నుంచి వెండి రేకు కూడా తెప్పిస్తున్నాను.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఏడుస్తున్న జాస్మినే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రామ్మూర్తి గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. అమ్మాజీ ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. తాయెత్తు ఆవిడ వేసిన ఎత్తు కాదు. ఆవిడ బరువు పెడుతోంది, మిషను పెరిగిందంటోంది, ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టి ఇంకో బరువు పెడుతోంది. ఇలాగే వదిలేస్తే నెలాఖరుకి పిల్ల చార్టులో రెండు కేజీలు దాటేది, ఒంట్లో మాత్రం సోమవారం దగ్గరే ఆగిపోయేది.

సిలువ ఎక్కడిదని కృపమ్మ అడగలేదు. అడగకుండానే ఆసుపత్రి ఆయా యేసురత్నం తుడుపుకర్రతో సహా మలుపు తిరిగి మాయమైపోయింది.

కృపమ్మ నవ్వలేదు. అమ్మాజీ పక్కన బల్లమీద కూర్చుంది.

“అక్కగారూ, చెయ్యి ఇలా చాపండి.”

అమ్మాజీ అనుమానంగానే చాపింది. ఎడమచేతి వేళ్ళ చివర్లు బోర్లించిన కుండ సెగకి నున్నగా మెరుస్తున్నాయి. నలభై ఏళ్ళుగా బియ్యప్పిండి నీళ్ళల్లో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద పరిచి, కాగితం కన్నా పల్చటి రేకుని చిరక్కుండా లాగిన చెయ్యి. నూరు రేకుల దొంతర ఎత్తి అందులో ఒకటి తక్కువైతే చూడకుండా చెబుతుందని ఆత్రేయపురంలో పేరు. ఆ మాట ఈ ఇరవై ఆరు రోజుల్లో వార్డంతా కనీసం పదిసార్లు విన్నది, అమ్మాజీ నోటే.

మువ్వలు, తాయెత్తు, సిలువ మూడింటినీ కృపమ్మ ఆ అరచేతిలో పెట్టింది.

“ఉత్త రేకులైతే ఎన్ని తూగుతాయండీ ఇది?”

అమ్మాజీకి ఇలాంటి ప్రశ్న అడిగితే కోపం కూడా ఒక్క నిమిషం పక్కన కూర్చోవాల్సిందే. చెయ్యి పైకీ కిందకీ రెండుసార్లు ఆడించింది. “ఇరవై... కాదండి. ఇరవై రెండు ఉంటాయి.”

“ఆయ్. మరి ఇప్పుడు పిల్లని పట్టుకోండి.”

జాస్మిన్ పాపని తెచ్చింది. ఒంటిమీద పల్చటి చొక్కా, నెత్తిన టోపీ, అంతే. సోమవారం పొద్దున్న తూకానికి ముందు కూడా అమ్మాజీ అలాగే ఎత్తుకుంది, చొక్కా, టోపీతోనే. అప్పుడు ఎత్తుకున్న పిల్లని గుర్తు తెచ్చుకోమని కృపమ్మ చెప్పింది. ఈ పిల్ల ఆ పిల్లకన్నా ఎన్ని రేకులు ఎక్కువుందో చెప్పమంది. మిషను ఏమందో ఆవిడ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

రెండు అరచేతుల మధ్య పాప నిద్రపోతూనే ఉంది. అమ్మాజీ కళ్ళు మూసుకుంది. ఒకసారి ఎత్తి చూసింది. రెండోసారి ఎత్తింది. మూడోసారి ఎత్తడానికి చేతులు రాలేదు. వరండా చివర కారు ఇంజను ఇంకా గురక పెడుతూనే ఉంది.

“పెరగలేదండి,” అంది కళ్ళు తెరిచి. గొంతులో కోపం లేదు, పూత లేదు. “రేకంత తరిగిందేమో కూడానండి.”

జాస్మిన్ తన చేతిలోని కాగితం ఆవిడకి చూపించింది. పదహారు వందల అయిదు. అమ్మాజీ ఆ అంకెని చూసి, తన చేతుల్ని చూసుకుని, మళ్ళీ అంకెని చూసింది. ఇంత బాధలోనూ ఆవిడ మొహంలో ఒక మూల చిన్న వెలుగు. తన చెయ్యి మిషనుతో సమానంగా చెప్పింది మరి. ఆ వెలుగు వెంటనే ఆరిపోయింది. ఈ చెయ్యే కదా మూడు రోజులూ పిల్లని ఎత్తుకుంది, అప్పుడెందుకు చెప్పలేదని పైకే అనుకుంది. తెలియాలని అనుకోలేదు కాబట్టి తెలియలేదు. గుడ్డని నమ్మడం వేరు, గుడ్డిగా నమ్మడం వేరు. ఆ విషయంలో వార్డులో ఎవరికీ ఎవరి మీదా వేలు చూపించే అర్హత లేదు. అది అందరికన్నా బాగా తెలిసింది కృపమ్మకే.

కారుని పంపించెయ్యమని అమ్మాజీయే చెప్పింది. మువ్వలు మంగళవారం, తాయెత్తు బుధవారం, సిలువ ఇవాళ అని మళ్ళీ వరసగా చెప్పింది. ఒక్కొక్కటీ విడిగా తూచారు. పాతిక, పాతిక, ముప్పై. కృపమ్మ పాత అంకెల్ని దిద్దలేదు, కనపడకుండా రుద్దలేదు. ఒక్కో అంకె మీద ఒకే గీత గీసి, పక్కన అసలు బరువు రాసి, ఎందుకు మార్చిందో ఒక వాక్యం రాసి, తేదీ, టైము, సంతకం పెట్టింది. పదహారు వందల పది. పది. అయిదు. మెట్ల బదులు చప్టా కనపడింది.

ఆ మూడు వస్తువుల్నీ స్పిరిట్‌తో తుడిచి, శుభ్రమైన కవర్లో పెట్టి, మంచం తలాపిన కొక్కేనికి తగిలించింది. దేవుళ్ళు మంచం మీద ఉండొచ్చు గానీ తూకం మీద ఉండకూడదని అమ్మాజీకి చెప్పింది. అమ్మాజీ ఆయ్ అంది.

పదకొండుంబావుకి బస్సు దిగింది. తెల్ల ఆప్రాన్లు, చేతుల్లో నోటుపుస్తకాలు, పదిహేను జతల కళ్ళు. ప్రిన్సిపాలు మేడమ్ కృపమ్మకి శాలువా కూడా తెచ్చింది. రామ్మూర్తి పరిచయం చేస్తూ పంతొమ్మిదేళ్ళ కథ గొప్పగా చెప్పాడు, రాజోలు ఆవిడ బస్సు దగ్గరనుంచి బండారులంక మగ్గం దాకా. ఇస్త్రీ మడత చెడకుండా నిలబడి అంతా విన్నాక కృపమ్మ ఒక గుడ్డ తీసి అందరికీ కనపడేలా పట్టుకుంది.

“ఈ గుడ్డ నేనే కనిపెట్టానమ్మా,” అంది. “ఇందులో ఉన్న లోపం కూడా నేనే కనిపెట్టాను, ఈవేళ తొమ్మిదిన్నరకి. మూడు రోజులు ఆలస్యమైంది. మీరు రెండూ రాసుకోండి.”

పదిహేను పెన్నులూ ఆగాయి. తరవాత ఒక్కసారిగా కదిలాయి.

అన్నీ చెప్పింది. ఇంటివాళ్ళని తెరచాటుకి ఒంటరిగా పంపడమే తాను చేసిన తప్పని చెప్పింది. వాళ్ళ పరువు కాపాడదామనుకుని బిడ్డ బరువు వాళ్ళ చేతికే వదిలేశానంది. ఇకనుంచి తెరచాటుకి నర్సు కూడా వెళుతుంది. గుడ్డ మారదు, దిష్టి భయం ఉన్నవాళ్ళకి తెర అలాగే ఉంటుంది, చుట్టేది మాత్రం నర్సు చెయ్యి. చార్టులో కొట్టేసిన అంకెల్ని జాస్మిన్ చేత చదివించింది. మొదటి అంకె ఆ పిల్ల నేలకేసి చూస్తూ చదివింది, మూడో అంకెకి తలెత్తింది.

వెనక వరసలో ఒకమ్మాయి సందేహం అడిగింది. నర్సు కూడా లోపలికొస్తానంటే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా అని. కృపమ్మ జవాబు చెప్పేలోపు తల్లుల గది తలుపు దగ్గరనుంచి గొంతు వచ్చింది.

“ఒప్పుకోకపోతే నన్ను పిలవండమ్మా. ఆత్రేయపురం అమ్మాజీ అంటే బస్టాండులో ఎవరైనా చెబుతారు.”

నవ్వులు ఆగాక ప్రిన్సిపాలు మేడమ్ శాలువా విప్పింది. ఈవేళ తీసుకునే మొహం తనకి లేదని కృపమ్మ వెనక్కి జరిగింది. కప్పేది గుడ్డకి కాదని, కొట్టేసిన ఆ మూడు అంకెలకని మేడమ్ అంది. కృపమ్మ చేతిలోని గుడ్డని మడతపెట్టింది. తల వంచింది. భుజాల మీద శాలువా పడ్డప్పుడు, గీరగా ఉండే ఆ మొహంలో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళకి కూడా కొత్తగా ఒక బిడియం కనపడింది. పదిహేనుమంది చప్పట్లు కొట్టారు. రామ్మూర్తి అందరికన్నా గట్టిగా కొట్టాడు, తానిచ్చిన సలహా ఆ చప్పుడులో ఎవరికీ గుర్తు రాకూడదన్నట్టు.

బస్సు వెళ్ళిపోయింది. ప్రశ్న మాత్రం మిగిలింది. పిల్ల ఎందుకు పెరగడం లేదు?

కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. మాధవీలత తన పాలు పిండి, మూడు గంటలకోసారి ఉగ్గుగిన్నెలో ముప్పై అయిదు మిల్లీలీటర్లు పడుతోంది. రోజుకి ఎనిమిదిసార్లు. కక్కడం లేదు, విరేచనాలు లేవు, జ్వరం లేదు. ఆ బరువున్న బిడ్డకి అంతకన్నా అక్కర్లేదు. ఒకవేళ పాలు నోట్లోకి పోకుండా గుడ్డ మీదకి కారిపోతున్నాయేమో. దానికి నర్సుల దగ్గర ఒక తేలిక పద్ధతి ఉంది. పాలు పట్టేముందు ఒకసారి, పట్టాక ఒకసారి తూస్తే ఎన్ని లోపలికి వెళ్ళాయో మిషనే చెబుతుంది.

పన్నెండింటి పాలకి కృపమ్మే దగ్గర కూర్చుంది. ముందు పాపని తూచింది, ఉత్త ఒంటితో. పదహారు వందల అయిదు. మాధవీలత పాలు పిండే గదిలోకి వెళ్ళి, మూత పెట్టిన స్టీలు గిన్నెతో వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఈ ఉదయం ఇంత గొడవ జరిగినా పెదవి విప్పలేదు. కొలిచి, ఉగ్గుగిన్నెలో పోసి, పాప కింది పెదవి మీద ఆనించి, చుక్క చుక్కగా పట్టింది. చెయ్యి తిరిగిన తనం. చుక్క కూడా కిందపడలేదు. పాప ఆవురావురుమని తాగి, చివర్లో గిన్నె ముక్కుని చప్పరించింది.

మళ్ళీ తూచింది. పదహారు వందల నలభై.

ముప్పై అయిదూ లోపలికి వెళ్ళాయి. అంటే పిల్ల తాగుతోంది, కడుపు నిండుతోంది, అయినా ఒంటికి పట్టడం లేదు. కృపమ్మ ఖాళీ ఉగ్గుగిన్నె అందుకుని కిటికీ వెలుగులో వంచి చూసింది. తల్లిపాలు పోసిన గిన్నెకి అంచున సన్నటి మీగడ జిడ్డు అంటుకుంటుంది. ఈ గిన్నె కడిగినట్టుంది. అడుగున మిగిలిన రెండు చుక్కల్ని వేలిమీద వేసుకుంది. అవి నిలవకుండా జారిపోయాయి.

అమ్మాజీ కారు పంపించిన సంగతి కొడుక్కి చెప్పడానికి ఫోను పట్టుకుని మెట్ల దగ్గరకి వెళ్ళింది. జాస్మిన్ పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. కృపమ్మ గొంతు బాగా తగ్గించింది.

“మాధవీ, ఈ పాలల్లో ఎక్కడో నీళ్ళు కలుస్తున్నాయమ్మా.”

మాధవీలత తలుపు వంక చూసింది. అత్తగారు లేరని రూఢి చేసుకుంది. కొంగుని పిడికిట్లో ఇరికించుకుంది.

“నేను కలపలేదండి సిస్టరమ్మ గారూ. ఇచ్చేవాళ్ళు కలిపేరేమో నాకు తెలీదండి. ఆ పాలు నావి కావు. నాకు పాలు ఎండిపోయి అయిదు రోజులైందండి.”